వేలే కదా అనుకోకండి!

ఒక్క వేలు వంచితే ఎంతటివాడైనా లొంగుతాడా? ఫింగర్ లాక్‌ల వెనక ఉన్న సైన్స్ ఏంటి, రిస్క్ ఏంటి? పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లు ఇవి నేర్చుకోవాలా, వద్దా?

సాయంత్రం ఏడు దాటాక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట ఓ ఐదు నిమిషాలు నిలబడండి. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను, చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం. అక్కడ సగంమందిది ఇదే పోజు. పొద్దున్నుంచి చదివి తల వేడెక్కాక ఆ ఫోన్‌లో చూసేది ఏంటి? రీల్సే. వాటిలో మీకూ ఒకటి తగిలే ఉంటుంది. ‘ఈ ఒక్క వేలు పట్టుకుంటే చాలు, ఎంతటోడైనా మోకాళ్ల మీద కూర్చుంటాడు’ అనే సెల్ఫ్ డిఫెన్స్ వీడియో.

నేనూ చూశా. బీటెక్ అయిపోయి, అశోక్‌నగర్‌లో ముగ్గురం కలిసి ఒక గదిలో ఉంటున్న రోజులవి. చూసి ఊరుకుంటే ఇవాళ ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. పక్క మంచం మీద కూర్చుని ఆన్సర్ రైటింగ్ ప్రాక్టీస్ చేస్తున్న రూమ్మేట్‌ని పిలిచి, ‘ఒక్కసారి నా కాలర్ పట్టుకోరా, ఒకటి చూపిస్తా’ అన్నా. పట్టుకున్నాడు. వాడి కుడిచేతి చూపుడువేలు పట్టి వెనక్కి వంచా. వాడు నవ్వుతూనే ఉన్నాడు. నొప్పి రావట్లేదేమో అనుకుని ఇంకొంచెం వంచా. ‘టక్’మని చిన్న చప్పుడు. ‘అబ్బా... ఇడువురా!’ అని వాడు అరిచేలోపే అయిపోయింది.

వాడి రాత పరీక్షకు అప్పటికి 19 రోజులు ఉంది. ఓఎమ్‌ఆర్ షీట్‌లో బబుల్స్ నింపే పరీక్ష కాదు. పేజీలకు పేజీలు రాయాల్సిన డిస్క్రిప్టివ్.

తర్వాత ఏమైందో చివర్లో చెప్తా. ఆ రోజు తర్వాత నాకు పట్టుకున్న ప్రశ్న ఒకటే: నేను పెద్దగా బలం కూడా పెట్టలేదు, మరి అంత తేలిగ్గా ఎలా దెబ్బతింది? దానికి జవాబు వెతుకుతూ నారాయణగూడ వైపు ఒక చిన్న హాల్లో జుజుట్సు క్లాసులో చేరా. రెండేళ్లు నేర్చుకున్నా. అక్కడ తెలిసినవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ ఇప్పుడు మీ ముందు పెడుతున్నా.

వేలు ఎందుకంత ఈజీగా దొరికిపోతుంది?

ముందు మీ చెయ్యి చూసుకోండి. మణికట్టు నుంచి వేలి కొసల దాకా ఒక చేతిలో 27 ఎముకలు ఉంటాయి. అందులో 14 వేళ్లవే. బొటనవేలికి రెండు, మిగతా నాలుగింటికి మూడేసి. ఆ చిన్న చిన్న ఎముకలు కలిసే చోట్లనే మనం కణుపులంటాం. పిడికిలి బిగిస్తే పైకి ఎత్తుగా కనిపించేది మొదటి కణుపు. తర్వాత మధ్య కణుపు, గోరు దగ్గర చివరి కణుపు.

ఇప్పుడు అసలు సంగతి. వేలిని వంచే కండలు వేలిలో ఉండవు. మోచేతికీ మణికట్టుకూ మధ్య ముంజేతిలో ఉంటాయి, కొన్ని చిన్నవి అరచేతిలో ఉంటాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి టెండాన్లు వచ్చి వేళ్లను లాగుతాయి. తోలుబొమ్మలాటలో బొమ్మ ముందు, ఆడించేవాళ్లు తెర వెనక ఉన్నట్టు అన్నమాట. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడిచేతి వేళ్లు ఆడించి చూడండి, కండలు కదలడం తెలుస్తుంది. అంటే మోకాలికో భుజానికో ఉన్నట్టు వేలి కణుపు చుట్టూ కండ కవచం లేదు. అక్కడ కాపలా కాసేది లిగమెంట్లు, మధ్య కణుపు కింద అరచేతి వైపు ఉండే ఒక గట్టి పట్టీ మాత్రమే. ఆ పట్టీని డాక్టర్లు వోలార్ ప్లేట్ అంటారు. వేలు వెనక్కి విరిగిపోకుండా ఆపేది అదే. నా రూమ్మేట్ వేలిలో చిట్లింది కూడా అదే.

ఇక ఇంజినీరింగ్ బుర్రకు ఎక్కేలా ఒక లెక్క. టార్క్ అంటే బలం ఇంటూ దూరం. వేలి మొదలు నుంచి కొస దాకా 8 సెంటీమీటర్లు అనుకుందాం. కొస దగ్గర 3 కిలోల బరువు వేలాడదీసినంత బలం పెడితే మొదటి కణుపు దగ్గర పడే టార్క్ సుమారు 2.4 న్యూటన్ మీటర్లు. అదే బలం వేలి మధ్యలో పెడితే సగమే. అందుకే ఫింగర్ లాక్ వేసేవాళ్లు వేలి మొదట్లో కాదు, కొసకు దగ్గరగా పట్టుకుంటారు. స్పానర్ ఎంత పొడుగుంటే నట్టు అంత తేలిగ్గా తిరిగినట్టు. పైగా పట్టుకునేవాడు తన చెయ్యి, భుజం, నడుము బలమంతా తెచ్చి ఒక్క వేలి మీద పెడతాడు. తట్టుకునేవాడి దగ్గర ఉన్నది ముంజేతి నుంచి వచ్చే ఒకటీ రెండు తాళ్లు. ఇద్దరి కొట్లాటలా కనిపిస్తుంది కానీ, నిజానికి అది ఒక మనిషికీ ఒక వేలికీ జరిగే కొట్లాట.

ఇంకో చిన్న ప్రయోగం. అరచెయ్యి చాపి వేళ్లను పక్కలకు విడదీయండి, బాగా విడిపోతాయి. ఇప్పుడు పిడికిలి బిగించి మొదటి కణుపుల దగ్గర అలాగే పక్కలకు కదపడానికి చూడండి. కదలవు. వేలు చాచినప్పుడు పక్క లిగమెంట్లు వదులుగా, ముడిచినప్పుడు బిగుతుగా ఉంటాయి. దీని నుంచి వచ్చే పాఠం: చాచిన వేలు దొరుకుతుంది, పిడికిలి దొరకదు. ఏ మాస్టర్ అయినా ‘ఎదుటివాడి మొహం ముందు వేలు ఊపుతూ మాట్లాడొద్దు’ అనేది మర్యాద కోసం ఒక్కటే కాదు.

ఈ విద్య ఎక్కడిది?

ఫింగర్ లాక్ రీల్స్‌తో పుట్టింది కాదు. జపాన్ జుజుట్సులో వేళ్లను పట్టే పట్లు పాతవి. చైనాలో ‘చిన్ నా’ అనే విద్య ఉంది. పట్టుకుని అదుపులో పెట్టడం దాని సారం. వేళ్లు, మణికట్టు, మోచేయి, ఇలా కీలు కీలుకూ అందులో పట్లు ఉన్నాయి. కొరియా హాప్కిడోలో, జపాన్ ఐకిడోలో మణికట్టు పట్లతోపాటు వేళ్ల పట్లూ నేర్పుతారు. వేళ్ల పట్లకు ప్రపంచంలో బాగా పేరు తెచ్చినవారిలో హవాయికి చెందిన వాలీ జే ఒకరు. ఆయన ‘స్మాల్ సర్కిల్ జుజిట్సు’ అనే పద్ధతిని రూపొందించారు. పెద్దగా ఊపకుండా, మణికట్టును చిన్న వృత్తంలో తిప్పుతూ నొప్పిని పెంచడం, తగ్గించడం అందులో కీలకం. 2011లో ఆయన చనిపోయారు.

మన దగ్గరా కుస్తీకి పెద్ద చరిత్రే ఉంది. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన ‘మానసోల్లాసం’లో మల్లయుద్ధం మీద ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో ఇప్పటికీ మట్టిలో కుస్తీ పడతారు.

గమనించాల్సింది ఏంటంటే, పాత పద్ధతుల్లో వేళ్ల పట్లు ఎందుకు పుట్టాయి? అవతలివాడు మన మణికట్టునో, జుట్టునో, ఒరలో ఉన్న కత్తినో పట్టుకున్నప్పుడు ఆ పట్టు విడిపించడానికి. వెతుక్కుంటూ వెళ్లి వేలు విరిచేయడానికి కాదు. ఈ తేడా రీల్‌లో కనిపించదు.

ఆటల్లో ఎందుకు వద్దన్నారు?

ఇది నాకు బాగా కళ్లు తెరిపించిన సంగతి. ఎముకలు విరిగేంత గట్టిగా కొట్టుకునే ఆటల్లో కూడా వేళ్ల జోలికి పోనివ్వరు.

జూడోనే తీసుకోండి. 1882లో జిగోరో కానో జుజుట్సులోంచి ప్రమాదకరమైనవి తీసేసి జూడోకు రూపమిచ్చారు. ఈనాటి జూడో పోటీల్లో కీళ్ల పట్టు మోచేయి మీద మాత్రమే వేయాలి. అవతలివాడి పట్టు విడిపించుకోవడానికి వేలు వెనక్కి వంచినా పెనాల్టీయే. బ్రెజిలియన్ జియు-జిట్సులో చేతులు, కాళ్లు మెలిపెట్టడం రోజువారీ పని. కానీ అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లో వేళ్లు వెనక్కి వంచడం తెల్ల బెల్టు నుంచి నల్ల బెల్టు దాకా ఎవరికీ అనుమతి లేదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ సంగతి చూడండి. 2000లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన యూనిఫైడ్ రూల్స్ ప్రకారం వేళ్ల లాంటి చిన్న కీళ్లను మెలిపెట్టడం ఫౌల్. పట్టుకుంటే ఎక్కువ వేళ్లు కలిపి పట్టుకోవాలి, ఒక్కటే వేలు పట్టుకోకూడదు. ఒలింపిక్ కుస్తీలోనూ వేళ్లు మెలిపెట్టడం నిషేధమే.

మోచేయి మెలిపెడితే ఓకే, వేలు మాత్రం వద్దు. ఎందుకంటారు? కారణం టైమ్. మోచేయి పట్టులో బిగుతు తెలుస్తుంది, తర్వాత నొప్పి, ఆ తర్వాతే డ్యామేజీ. మధ్యలో ‘ఆపు’ అని చేత్తో తట్టే వ్యవధి ఉంటుంది. దాన్నే ట్యాప్ అంటారు. వేలి విషయంలో బిగుతుకూ చిట్లడానికీ మధ్య తేడా చాలా తక్కువ. తట్టేలోపే అయిపోతుంది, మా గదిలో అయినట్టే. రెఫరీకి కూడా ఆ చిన్న కదలిక కనిపించదు. ప్రొఫెషనల్స్, పక్కన డాక్టర్, మధ్యలో రెఫరీ ఉన్నచోటే వద్దన్నది, మనం మంచం మీద కూర్చుని రూమ్మేట్ మీద ట్రై చేస్తున్నాం!

నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ రీల్‌లో చూపించినట్టు కాదు. ఎదుటివాడు మిమ్మల్ని పట్టుకుని ఉన్నప్పుడే వాడి వేలు మీకు అందుబాటులో నిలకడగా ఉంటుంది. గాల్లో కదిలే చెయ్యిలోంచి ఒక వేలు ఏరి పట్టుకోవడం ఈగను చేత్తో పట్టుకున్నట్టే. చెమట పట్టినా, చీకటైనా, చేతులు వణికినా జారిపోతుంది. తాగి ఉన్నవాడికి, బాగా కోపంలో ఉన్నవాడికి నొప్పి వెంటనే తెలియకపోవచ్చు. వాడికి ఇంకో చెయ్యి ఖాళీగా ఉందన్న సంగతి వీడియోలో ఎవరూ చెప్పరు. పక్కన వాడి ఫ్రెండ్ ఉంటే అసలు కథ వేరు.

మా మాస్టర్ మొదటి క్లాసులోనే ఒక మాట అన్నారు: ‘వేలు చివరి ఆప్షన్ బాబూ. ముందు బొటనవేలి సందు చూడు.’ మీ మణికట్టును ఎవరైనా పట్టుకుంటే నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఇంకోవైపు ఉంటాయి. ఆ రెండూ కలిసే సందే పట్టులో బలహీనమైన చోటు. మోచేతిని దగ్గరకు తెచ్చుకుని, మణికట్టు సన్నని అంచును ఆ సందు వైపు తిప్పి ఒక్కసారి బయటకు లాగితే చాలామటుకు విడిపోతుంది. ఎవరి వేలూ విరగదు. అలా విడవకపోతేనే చిటికెన వేలి వైపు నుంచి పట్టును వొలవడం. అదీ విడిపించుకుని పారిపోవడానికే. ఫింగర్ లాక్‌లో గెలుపు అంటే అవతలివాడు మోకాళ్ల మీద కూర్చోవడం కాదు, మీరు నాలుగు అడుగులు దూరంగా ఉండటం.

నేర్చుకోవాలనుకుంటే

చదువు మధ్యలో రోజుకో గంట ఒళ్లు వంచితే మంచిదే. నేను చేరాక నిద్ర బాగా పట్టింది, మెడనొప్పి తగ్గింది. అయితే హాల్ ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు ఈ నాలుగు చూడండి.

ఒకటి, డబ్బు కట్టకముందు ఒక క్లాస్ కూర్చుని చూడనిస్తారా? చూడనివ్వని చోట చేరొద్దు.

రెండు, ట్యాప్ చేయగానే అవతలివాళ్లు ఆ క్షణంలోనే వదులుతున్నారా? సీనియర్లు జూనియర్ల మీద బలం చూపిస్తుంటే, మాస్టర్ నవ్వుతూ ఊరుకుంటుంటే ఆ మెట్లు దిగి వచ్చేయండి.

మూడు, మొదటి వారంలోనే వేళ్లు, మెడ పట్లు నేర్పుతున్నారా? మంచి చోట ముందు పడటం నేర్పుతారు, తట్టడం నేర్పుతారు. మాకు మొదటి నెలంతా అదే.

నాలుగు, ‘ఆరు నెలల్లో బ్లాక్ బెల్ట్, ఉద్యోగాల్లో పనికొస్తుంది’ అంటున్నారా? జాగ్రత్త. క్రీడల కోటాలో లెక్కలోకి వచ్చేది నోటిఫికేషన్‌లో పేర్కొన్న క్రీడ, అందులో మీరు ఆడిన పోటీ స్థాయి. గోడకు తగిలించే బెల్ట్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. చేరకముందు నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

ప్రాక్టీస్‌లో వేళ్ల పట్టు వచ్చినప్పుడు మాకు కొన్ని రూల్స్ ఉండేవి. ఉంగరాలు, వాచీ తీసేయాలి. పట్టు వేసేవాడు బిగుతు తగలగానే ఆగాలి, నొప్పి దాకా పోకూడదు. పట్టు పడినవాడు ‘ఎంతవరకు ఆపగలనో చూద్దాం’ అని పంతానికి పోకూడదు. చెయ్యి ఖాళీగా లేకపోతే నోటితో ‘ట్యాప్’ అనాలి. కుదుపు అస్సలు కూడదు. పరీక్షకు నెల ముందు నుంచి వేళ్ల పట్లు బంద్. ఈ చివరి రూల్ మా మాస్టర్ నా కథ విన్నాక పెట్టింది.

ఎస్సై, కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఎంపికలో మార్షల్ ఆర్ట్స్‌కు పరీక్ష లేదు. కానీ వేళ్లతో పని ఉంది. 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆ గుండు నిలిచేది అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద. ఒక వేలు వాచినా దూరం పడిపోతుంది. ఎన్టీఆర్ స్టేడియం వైపు పొద్దున్నే రన్నింగ్‌కు వెళ్లేవాళ్లు సరదాకి చేతులు మెలేసుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఎంపికయ్యాక శిక్షణలో ఆయుధం లేకుండా అదుపు చేసే పద్ధతులు ఎలాగూ నేర్పుతారు. ఇక దీన్నే కెరీర్‌గా చూసేవాళ్లకు వ్యాయామ విద్య ఒక దారి. పీఈసెట్ రాసి బీపీఈడీ, డీపీఈడీ కోర్సుల్లో చేరొచ్చు. అశోక్‌నగర్‌కు దగ్గర్లోనే దోమలగూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉంది.

దెబ్బ తగిలితే?

మేం చేసిన తప్పులు మీరు చేయకండి. మొదటి తప్పు: ‘కీలు తప్పింది, లాగితే సెట్ అవుతుంది’ అని మూడో రూమ్మేట్ వేలు పట్టి లాగాడు. లాగకూడదు. లోపల చిన్న ఎముక ముక్క విరిగి ఉంటే లాగడంతో ఇంకా పాడవుతుంది. రెండో తప్పు: ‘పొద్దున చూద్దాంలే’ అని పడుకున్నాం.

చేయాల్సింది ఇది. ఉంగరం ఉంటే వెంటనే తీసేయండి, వాచాక రాదు. ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద వద్దు. చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి. వేలు వంకరగా కనిపించినా, ముడవడం లేదా చాచడం రాకపోయినా, మొద్దుబారినా, రంగు మారినా, గాయం తెరుచుకుని ఉన్నా అదే రోజు ఎముకల డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి. కట్టు కట్టించుకోవాలనుకున్నా ముందు ఎక్స్‌రే తప్పదు.

ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. గోరు దగ్గరి కణుపు కిందికి వాలిపోయి, మీ అంతట మీరు లేపలేకపోతే టెండాన్ తెగి ఉండొచ్చు. దీన్ని మాలెట్ ఫింగర్ అంటారు. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి పట్టించుకోరు. సాధారణంగా 6 నుంచి 8 వారాలు వేలు నిటారుగా ఉండేలా స్ప్లింట్ వేస్తారు. మధ్యలో స్నానానికని తీసి వేలిని ఒక్కసారి వాలనిచ్చినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకోవైపు, మధ్య కణుపును అవసరానికి మించి కట్టేసి ఉంచితే బిగుసుకుపోతుంది. ఎప్పుడు కదపాలో, ఎప్పుడు కదపకూడదో డాక్టర్ చెప్పాలి, రీల్ కాదు.

చట్టం ఏమంటుంది?

ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఈ భాగం. గొడవలో ఎవరి వేలైనా విరిగిందనుకోండి. ‘చిన్న వేలే కదా సార్’ అంటే కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 116 తీవ్ర గాయం అంటే ఏంటో చెబుతుంది. ఎముక విరగడం, కీలు తప్పడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అది చిటికెన వేలా, తొడ ఎముకా అన్న తేడా అక్కడ లేదు. 15 రోజులపాటు రోజువారీ పనులు చేసుకోలేని స్థితి కలిగించినా తీవ్ర గాయమే. పాత ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. కావాలని తీవ్ర గాయం చేస్తే సెక్షన్ 117 కింద ఏడేళ్ల దాకా జైలుశిక్ష, జరిమానా ఉంటాయి.

మరి ఆత్మరక్షణ? ఆ హక్కు ఉంది. సెక్షన్ 34 నుంచి 44 దాకా దాని గురించే. కానీ సెక్షన్ 37లో ఒక గీత గీశారు. రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. కాలర్ పట్టుకున్నవాడి పట్టు విడిపించుకోవడం రక్షణ. విడిచాక కూడా వేలు వదలకుండా విరిచేస్తే అది రక్షణ అని ఒప్పించడం కష్టం. మెస్‌లో సీటు దగ్గరో, బైక్ పార్కింగ్ దగ్గరో మొదలైన గొడవ అయితే ఇంకా కష్టం.

కేసు అయితే అది పోలీస్ స్టేషన్‌తో ఆగదు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక అటెస్టేషన్ ఫారం నింపాలి. అందులో మీ మీద కేసులున్నాయా అని అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, అక్కడ ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని. చిన్న కేసుల్లో యజమానికి విచక్షణ ఉంటుంది, కానీ దాచిపెడితే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. మూడేళ్లు చదివి తెచ్చుకున్న ఉద్యోగం ముప్పై సెకన్ల కోపానికి ఎందుకు ఇవ్వాలి?

ఫోన్ లాక్కుపోతే...

‘మరి బండి మీద వచ్చి ఫోన్ లాక్కుంటే వేలు పట్టుకోవద్దా?’ అని అడిగాడు మా బ్లాగ్ చదివే తమ్ముడొకడు. వద్దు తమ్ముడూ. కదిలే బండి మీదున్నవాడి చెయ్యి పట్టుకుంటే విరిగేది నీ వేలే. వదిలేయ్. బండి నంబర్ చూడు, వెంటనే 100 లేదా 112కి కాల్ చెయ్. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ సేవలో ఫోన్ బ్లాక్ చేయించు. దానికి ఐఎంఈఐ నంబర్ కావాలి. ఇప్పుడే నీ ఫోన్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి, వచ్చిన నంబర్‌ను నోట్‌బుక్ చివరి పేజీలో రాసిపెట్టుకో. ఫోన్‌లోనే సేవ్ చేసుకుంటే ఏం లాభం? ఇదే నా దృష్టిలో అసలైన సెల్ఫ్ డిఫెన్స్ టెక్నిక్.

చివరికి ఏమైంది?

నా రూమ్మేట్ వేలికి స్ప్లింట్ వేశారు. చూపుడువేలు ముడవకుండా పెన్ను పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి మీరూ ట్రై చేసి చూడండి. బొటనవేలు, మధ్యవేలి మధ్య పెన్ను ఇరికించి రాయడం ప్రాక్టీస్ చేశాడు. రోజూ రాత్రి పది పేజీలు. అక్షరాలు ముందు కోడిగెలికినట్టు వచ్చేవి. వారం తర్వాత చదవగలిగేలా వచ్చాయి. నేను పక్కన కూర్చుని టైమ్ చూసేవాణ్ని. అంతకుమించి ఏం చేయగలను?

పరీక్షకు వెళ్లాడు, రాశాడు. ఒక పేపర్‌లో చివరి రెండు ప్రశ్నలకు టైమ్ చాలలేదన్నాడు. లిస్ట్‌లో పేరు రాలేదు. వేలి వల్లే పోయిందని వాడు నాతో ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఇంకా గుచ్చుకుంటుంది. తర్వాత వేరే పరీక్షలో ఉద్యోగం తెచ్చుకుని ఇప్పుడు జిల్లాలో పనిచేస్తున్నాడు. ఆ మధ్య వచ్చినప్పుడు ఇద్దరం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టీ తాగాం. వాడి చూపుడువేలు మధ్య కణుపు ఇప్పటికీ కొంచెం లావుగా ఉంది, పూర్తిగా ముడవదు. గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ వేలు కాస్త పైకే ఉంటుంది.

నేను దాన్నే చూస్తున్నానని గమనించి నవ్వాడు. ‘ఏంరా, ఇంకోటి చూపిస్తవా?’ అన్నాడు.

మీ గదిలో ఇవాళ రాత్రి ఎవరైనా ఫోన్ పట్టుకుని ‘ఒక్కసారి చెయ్యి ఇటివ్వురా’ అంటే ఈ కథ చెప్పండి. నేర్చుకోవాలని ఉంటే హాల్‌కు వెళ్లి, మాస్టర్ ముందు నేర్చుకోండి. లేదంటే ఆ చేతిని పెన్నుకే ఉంచండి.